వేలెడంత మెరుపు

నేను ఒక జపాను ఖడ్గాన్ని. వయసు మూడు వందల డెబ్బై ఏళ్లు. ఇన్నేళ్లలో నేను కోసింది గడ్డిమోపులు, రెండు పుచ్చకాయలు. అయినా నన్ను నడుముకు కట్టుకున్న ప్రతి మగవాడూ యుద్ధం గెలిచి వస్తున్నట్టే నడిచాడు.

నన్ను చేసింది గెంజిరో అనే కమ్మరి. ఉక్కుముద్దను కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ కాల్చి, పదమూడు మడతలు వేశాడు. ఎదురుగా నిలబడి సమ్మెట వేసింది ఆయన భార్య ఒత్సుయ. తర్వాత నా వీపుకు మందంగా, అంచుకు పలచగా బంకమట్టి పూశారు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అంచు చప్పున చల్లారి గట్టిపడాలి, వీపు నిదానంగా చల్లారాలి. అంతకుముందు రెండు కత్తులు ఆ నీళ్లలోనే పగిలిపోయాయి.

నిప్పు రంగు తెలియడానికి తలుపులు మూసి చీకటి చేశారు.

"తొందరపడకండి. ఇంకా రంగు రాలేదు," అంది ఒత్సుయ.

"నాకు తెలుసులేవే," అన్నాడు గానీ ఆగాడు.

ఆమె "ఊఁ" అన్నాకే ముంచాడు. నీళ్లు బుసకొట్టాయి. నా ఒళ్లు తనంతట తానే వంపు తిరిగింది, పగల్లేదు. ఇద్దరూ అక్కడే కూలబడి నవ్వుకున్నారు. నా పిడి లోపల మాత్రం గెంజిరో పేరొక్కటే చెక్కారు.

ఎన్నో చేతులు మారాను. చివరికి రెండో ప్రపంచ యుద్ధంలో దేశం ఓడిపోయాక, గెలిచినవాళ్లు ఇంటింటి నుంచి లాక్కున్న కత్తులన్నీ ఒక గోదాములో పోగుపడ్డాయి. తుప్పు పట్టి అడుగున పడి ఉన్నాను. ఇక కరిగించడమే తరువాయి.

ఆ వారంలోనే ఫుమి అనే అరవై ఏళ్ల ఆవిడ సానరాళ్ల బుట్టతో వచ్చింది. కత్తులకు సానపట్టడం తండ్రి దగ్గర నేర్చుకుందట.

"అన్నీ కరిగించమని ఆదేశం, అమ్మా. నా చేతిలో లేదు," అన్నాడు గోదాము అధికారి ఇషిజుకా.

"ఏది ఆయుధమో, ఏది పనితనమో చూసి కరిగించండి బాబూ. ఒక్కదాని మీద వేలెడంత మేర రుద్దనివ్వండి."

ఆయన విసుగ్గా, అన్నిటికన్నా తుప్పు పట్టినదాన్ని లాగి ఇచ్చాడు. అది నేనే.

ఆమె నేల మీద కూర్చుని రాయి తడిపింది. ఒకదానికన్నా ఒకటి నున్ననైన రాళ్లు. ఆఖరున గోరంత పలచటి రాతిముక్కను బొటనవేలి కింద పెట్టి రుద్దింది. మధ్యాహ్నానికి ఆ వేలెడంత మేర తుప్పు పోయి ఆ మడతలన్నీ చెక్కలోని చారల్లా తేలాయి. అంచు వెంట తెల్లగా, పొగమంచులాంటి అల ఒకటి బయటపడింది.

"ఇది ఎవరు గీశారు?" ఇషిజుకా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎవరూ గీయలేదు. మట్టి, నిప్పు, నీళ్లు."

ఆయన తలతిప్పి కత్తుల కుప్ప వైపు చూశాడు. "పైవాళ్లతో నేను మాట్లాడతాను. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"రుద్దితేగానీ తెలియదు."

ఆయనే వెళ్లి బకెట్టుతో నీళ్లు తెచ్చాడు. తొమ్మిది రోజుల్లో ఆమె ఆ కుప్పలోంచి మమ్మల్ని నలభై ఒక్కమందిని బయటికి తీసింది.

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాను. ప్రదర్శన మొదలైన రోజున ఫుమి అందరితోపాటు టికెట్టు కొనుక్కుని వచ్చింది. ముక్కు అద్దానికి ఆనించి నా అంచు వెంట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది.

"కాస్త వెనక్కి జరగండమ్మా. మీకు దగ్గరగా చూసినా ఏం తెలుస్తుంది?" అన్నాడు కాపలావాడు.

ఫుమి వెనక్కి జరిగి హాయిగా నవ్వింది. ఆమె వెనక వరుస వీధిదాకా ఉంది.