రెండు కుడికాళ్ల మనిషి

పురావస్తుశాస్త్రం ఎం.ఏ. చివరి ఏడాదిలో సంయుక్త ఎనిమిది నెలలు ఒకే పని మీద కూర్చుంది. రెండు వేల ఏళ్లనాటి రాతిసమాధిలో దొరికిన ఎముకల ముక్కలను కుంచెతో దులిపింది, కొలిచింది, ఏది ఏ భాగమో రాసుకుంది. రెండు తొడ ఎముకల్లో ఒకటి విరిగి అతుక్కుని ఉంది. ఆ మనిషి కుంటుతూనే చాన్నాళ్లు బతికాడని, ఎవరో అతన్ని కూర్చోబెట్టి సాకారని రాసి, ఆ చిత్తుప్రతి గైడు భానుప్రకాశ్ చేతికిచ్చింది.

"ఇంకా పచ్చిగా ఉందమ్మా," అని ఆయన పక్కన పడేశాడు.

నెల తిరక్కుండానే నారాయణగూడలో సదస్సు. ఆహ్వానపత్రికలో అదే అంశం, కింద ఆయన పేరొక్కటే. అడగడానికి వెళ్తే తలెత్తకుండా అన్నాడు:

"బొమికలు తుడిచినవాళ్ల పేర్లన్నీ వేస్తే కాగితం చాలదమ్మా."

సంయుక్తకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు దిగమింగుకుని మళ్లీ ఎముకల ముందు కూర్చుంది. కొసలకు పట్టిన మట్టి పూర్తిగా వదిలాక తన తప్పు కనబడింది. తొడ ఎముకలు రెండూ కుడివే. సమాధిలో ఉన్నది ఇద్దరు! నమ్మకం చాలక చిక్కడపల్లి లైబ్రరీలో శరీరశాస్త్రం పుస్తకం తెరిచి మూడు రోజులు సరిచూసుకుంది. సందేహం లేదు.

అశోక్‌నగర్ హాస్టల్‌లో తన గదిలోనే ఉండే నిహారిక, "ఆయనకు ముందే చెప్పెయ్యవే, లేకపోతే సదస్సులో పరువు పోతుంది," అంది.

"పోనీ," అంది సంయుక్త.

సదస్సులో భానుప్రకాశ్ తెర మీద ఎముకల ఫొటోలు చూపిస్తూ బాగా మాట్లాడాడు. చప్పట్లు ఆగాక ఆమె లేచింది.

"సార్, ఆ మనిషికి ఎడమకాలు లేదా?"

"తెర మీద రెండూ కనిపిస్తున్నాయిగా!"

"అవి రెండూ కుడికాళ్లే సార్."

అధ్యక్షత వహించిన ప్రొఫెసర్ ప్రభావతి కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వెళ్లి చూసింది. "ఎముకలు మీరు చూసిన్రా, భానుప్రకాశ్ గారూ?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఇది నేను రాసింది కాదు మేడమ్! ఈ అమ్మాయి రాసిందే!"

హాలంతా గొల్లున నవ్వింది. సరిగ్గా ఆ మాట కోసమే సంయుక్త ఇన్నాళ్లూ నోరు మూసుకుంది.

పత్రం రద్దయింది. బయట వరండాలో ప్రభావతి ఆమెను ఆపింది. "నీకు ముందే తెలుసు గదా? పగ తీర్చుకోనీకి గా ఎముకలే దొరికినయా? ఇగ నా దగ్గర మొదటినుంచి రాయాలె. ఆరు నెలలు పోతయ్."

"రాస్తా మేడమ్," అంది సంయుక్త, తల వంచుకుని. క్షమించమని మాత్రం అనలేదు.

అశోక్‌నగర్ దాకా నడిచే వెళ్లింది. దారిలో ఎవరేమనుకుంటారోనని చున్నీ అడ్డం పెట్టుకుంది గానీ, నవ్వు ఆగలేదు.