నాలుగో స్కాను

డాక్టరు నన్ను వద్దన్నాడు. ఆ ముక్క నా మొహం చూసి చెప్పే ధైర్యం లేక కంప్యూటరు వైపు తిరిగి చెప్పాడు.

"ఈసారికి వదిలేద్దాం టీచర్. ఇప్పటికే మూడు స్కాన్లు ఇచ్చారు. అదే చాలా ఎక్కువ."

టీచరంటే బళ్లో పాఠాలు చెప్పే టీచర్ని కాదు. ఇరవై రెండేళ్లు కారు నడపడం నేర్పాను. ఈ డాక్టరు కూడా నా దగ్గరే నేర్చుకున్నాడు. బండి వెనక్కి తీయడం ఒక పట్టాన అబ్బక రెండుసార్లు పరీక్ష తప్పాడు. ఇప్పుడు నా కండరాలను నడిపించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, ఆ జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో ఆరు నెలలకోసారి నా మెదడు బొమ్మలు తీసి కొలుస్తున్నాడు. రేపెప్పుడో మందొస్తే అది పనిచేసిందో లేదో తేల్చడానికి ఆ కొలత కావాలట. నాకు మాత్రం నయం కాదని మొదటిరోజే చెప్పేశారు. అయినా ఒప్పుకున్నాను. జబ్బు నన్ను తినేస్తుంటే గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

"ఎందుకు వద్దు?" అన్నాను. నా మాట ముద్దముద్దగా వస్తుంది కాబట్టి పక్కనున్న మా చెల్లి అదే మాట విడమరిచి చెప్పింది.

"రూలు టీచర్. లోపల ఇబ్బందైతే రబ్బరు బంతి నొక్కి పిలవాలి. మీ చేతులు నొక్కలేవు. పైగా వెల్లకిలా పడుకుంటే మీకు ఊపిరి ఆడటం లేదు. నలభై నిమిషాలు ఎలా ఉంటారు?"

"నాలా ఆగిపోయినవాళ్లు ఎంతమంది?"

లెక్క చూశాడు. ఇరవై ముగ్గురిలో, నాతో కలిపి పదకొండుమంది.

తెర మీద ఒక గీత ఉంది. అందరి కొలతలూ కలిపి జబ్బు నడక చూపించే గీత. ఏ తొందరా లేనట్టు మెల్లగా కిందికి దిగుతోంది. అది చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"ముదిరినవాళ్లని బయటికి పంపేసి, మిగిలినవాళ్లని కొలిచి, జబ్బు నెమ్మదని రాస్తావా? తప్పినవాళ్లని లెక్కలోంచి తీసేస్తే నా స్కూల్లో అందరూ పాసే! నువ్వు కూడా!"

చెల్లి గొంతు సవరించుకుంది. "అక్క ఏమంటోందంటే... ఆ లెక్క ఇంకోసారి చూస్తే బాగుంటుందేమోనని..."

"ఉన్నదున్నట్టు చెప్పవే!"

ఆ అరుపు అందరికీ అర్థమైంది. చెల్లి ఈసారి ఒక్క ముక్క తగ్గించకుండా అప్పజెప్పింది. డాక్టరు మొహం మాడిపోయింది.

"ఎంతమంది మానేశారో రిపోర్టులో రాస్తాం టీచర్."

"అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో. మేం మానెయ్యలేదు. మీరు మాన్పించారు." కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాను. "నేర్పేటప్పుడు నా వైపు బ్రేకు మీద ఏముండేది?"

"మీ కాలు."

"నువ్వు లారీ మీదికి పోతుంటే ఎవరి చలవ వల్ల బతికి బట్టకట్టావు?"

"మీ కాలి చలవే."

"అది ఇంకా పనిచేస్తోంది. బంతి దాని కింద పెట్టు."

స్కాను నడిపే అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఇదంతా వింటోంది. "కట్టొచ్చు సార్," అంది. "మెదడులో కదలికల భాగం ఒక్కటే తీస్తే పన్నెండు నిమిషాలు చాలు." బంతి తెచ్చి నా పాదం కింద పెట్టి పట్టీ వేసింది. పదిసార్లు నొక్కమంటే పదిసార్లూ మోగించాను. డాక్టరు పైవాళ్లకు ఫోన్ చేసి గంటసేపు వాదించి అనుమతి తెచ్చుకున్నాడు.

లోపల తల పగిలిపోయే చప్పుడు. ఎనిమిదో నిమిషానికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. చచ్చిపోతానని నిజంగానే భయపడ్డాను. బంతి మీద పాదం బిగుసుకుంది. జీవితమంతా బ్రేకు నొక్కి జీతం తీసుకున్నదాన్ని, ఆ నాలుగు నిమిషాలు నొక్కకుండా ఉండటానికి దేవుడు కనబడ్డాడు. అయినా నొక్కలేదు.

వారం తర్వాత పిలిచాడు. నా కొలత చేర్చాక గీత చివర కిందికి వంగిపోయింది. అలా వంచింది నా మెదడే. చెల్లి ఏడ్చింది.

"ఇప్పుడు నిజం చెప్తోంది," అన్నాను. "మిగతా పదిమందికీ ఫోన్ చెయ్యి. కాలో, మోచెయ్యో, ఏది పనిచేస్తే అక్కడే కడతామని చెప్పు."

మొదటి నంబరు పనిచెయ్యడం లేదు. రెండోది ఎత్తినావిడ, ఆయన పోయి నెలైందని చెప్పింది. డాక్టరు ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

"ఇంకా ఎనిమిదున్నాయి," అన్నాను. "కానివ్వు."

మూడోది చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. డాక్టరు స్పీకర్లో పెట్టి విషయమంతా చెప్పి, వస్తారా అని అడిగాడు. అటునుంచి ముద్దముద్దగా ఏదో వినిపించింది. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ అదే. డాక్టరు చెల్లి వైపు చూశాడు. చెల్లి తెలీదన్నట్టు తలూపింది.

నాకు మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది.

"ఎన్నింటికి రావాలని అడుగుతున్నాడు," అన్నాను.