బ్రేకు మాస్టారి గొంతు

మా ఆయన ఇరవై ఆరేళ్లు డ్రైవింగ్ స్కూల్లో నేర్పారు. పక్క సీట్లో కూర్చుని రోజంతా అరుస్తూనే ఉండేవారు కాబట్టి శిష్యులు ఆయనకి బ్రేకు మాస్టారని పేరు పెట్టారు. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు తగ్గేది కాదు. ఉప్పు అందివ్వమని అడిగినా ఎదురుగా లారీ వస్తున్నట్టే ఉండేది.

మొదట గొంతులో పుండన్నారు. పరీక్షలయ్యాక క్యాన్సరన్నారు, స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందు నాలుగు రోజులు ఆస్పత్రిలో ఒక గదికి పంపితే, అక్కడి అమ్మాయి ఆయన చేత మూడు వందల వాక్యాలు చదివించి రికార్డు చేసింది. వాటితో తరవాత ఆయన టైపు చేసిన మాటల్ని ఫోను ఆయన గొంతుతోనే పలికేలా చేయొచ్చట. ఫైళ్లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఇస్తానంది. మనిషి గొంతు పరాయివాళ్ల చేతిలో పడితే దానితో ఏమైనా మాట్లాడించగలరని, అందుకే ఈ జాగ్రత్తని చెప్పింది.

"ఇది తలుపుకి తాళం వేయడం లాంటిది కాదండీ. లోపలి సామానే గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. మా దగ్గర అదీ ఉండదు, కాపీ కూడా ఉండదు. మర్చిపోతే ఇంకెవరూ తెరవలేరు."

ఆయన కీబోర్డుకి చెయ్యి అడ్డం పెట్టుకుని టైపు చేశారు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన పెళ్లాం దగ్గర కూడా దాపరికమేనా అన్నాను. ఆ పిల్ల నవ్వింది. మర్నాడు ఉదయమే ఆపరేషన్.

ఇంటికొచ్చిన వారానికి డిస్క్ ఆయన ముందు పెట్టి పాస్‌వర్డ్ అడిగాను. ఇప్పుడాయన మాటలన్నీ ఒక చిన్న తెల్ల పలక మీదే. "వద్దు" అని రాశారు. ఎందుకన్నాను. ఆ మాట కిందే ఒక గీత గీశారు.

ఏడు నెలలు ఇదే వరస. నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను. పొద్దస్తమానం వచ్చినవాళ్ల చేత గోడ మీది అక్షరాలు చదివించి, ఈ అద్దం నయమా ఆ అద్దం నయమా అని అడుగుతాను, వాళ్లు చెప్పింది రాసుకుంటాను. ఇంట్లోనూ అలాగే తయారయ్యాను. నేను అడగడం, ఆయన వద్దనడం, కంచాలు పెట్టుకోవడం. ఏడుపు రాలేదు. లోపల ఏముందో నాకే తెలియలేదు. కోపం ఒక్కటే కాస్త సజీవంగా ఉండేది. గొంతు పోయినా పొగరు పోలేదని మా అమ్మాయికి ఫోనులో చెప్పేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే, ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినడం. తిట్టినా సరే.

ఒకరోజు దుకాణంలో కరెంటు పోయి మధ్యాహ్నానికే మూసేశారు. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, ఆయన వీపు ఇటు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నారు, డిస్క్ తగిలించి ఉంది. ఏదో టైపు చేశారు, ఆగారు. పాస్‌వర్డ్ తప్పని తెర మీద వచ్చింది. పక్కనున్న నోటుపుస్తకంలో ఏదో రాసి కొట్టేశారు. మళ్లీ టైపు చేశారు. ఫ్యాను చప్పుడుకి నా అలికిడి ఆయనకి వినపడలేదు.

నేను చప్పుడు చేయకుండా బయటికొచ్చి, తలుపు దగ్గరగా లాగి, గంట నొక్కాను. ఆయన తీసేసరికి బల్ల ఖాళీగా ఉంది.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు సొరుగు వెతికాను. పాత లైసెన్సు ఫారాల కింద ఉంది పుస్తకం. మొదటి తేదీ ఇంటికొచ్చిన మూడో రోజుది. పేజీల నిండా కొట్టేసిన మాటలు. మా పెళ్లి తేదీ ఇరవై రకాలుగా ఉంది. స్కూలు కార్ల నంబర్లు, మా అమ్మాయి ముద్దుపేరు, నా పేరు తిరగేసి. నాలుగు వందల దాకా లెక్కపెట్టి మానేశాను. అంటే మర్చిపోయారు. ఆపరేషన్ జరిగిన ఆ వారంలో ఎవరికి మాత్రం ఏం గుర్తుంటుంది? ఆ మాట నాతో చెప్పలేక, మొండివాడన్న పేరు మోశారు ఇన్నాళ్లూ.

ఆ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నప్పుడు చెప్పేశాను.

"ఇంక మిమ్మల్ని అడగను. ఆ గొంతు ముప్పై ఏళ్లు విన్నాను, చాలు. నాకక్కర్లేదు."

ఆయన కంచం పక్కకి జరిపారు. పలక మీద "సరే" అని రాసి, వెంటనే తుడిచేశారు. పోనీలే, ఆయన నెత్తిన బరువు దించాను అనుకున్నాను. నా మంచితనానికి నేనే కాస్త మురిసిపోయాను కూడా.

నాలుగు రోజులాగి ఒక సాయంత్రం, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు మళ్లీ సొరుగు తీశాను. ఇంక ఖాళీ పేజీలే ఉంటాయనుకున్నాను. కొత్తగా పదకొండు పేజీలు నిండి ఉన్నాయి. ఇదివరకటికన్నా చిన్న అక్షరాలు, ఒత్తుగా. చివరి తేదీ ఆ రోజుదే.

నేను అక్కర్లేదన్నా ఆయన వెతుకుతూనే ఉన్నారు. ఏడు నెలలుగా నా గొంతేదో పోయినట్టు ఆయన మీద పడ్డాను. పోయింది ఆయనది. తన మాట తను వినాలని ఆయనకి ఉంటుందన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. పుస్తకం ఫారాల కింద పెట్టి సొరుగు మూశాను.