ఇంటికి రాని గొంతు

ఆఖరి గంట కొట్టగానే లెక్కల టీచర్ బోర్డు తుడిచి, సుద్దముక్కలు డబ్బాలో వేసి, దిద్దాల్సిన పేపర్ల కట్ట సంచీలో కుక్కుకుని, గొంతుని కిటికీ దగ్గర వదిలేసి ఇంటికి బయల్దేరేది. వదిలేయడమంటే కావాలని కాదు. బడి తెరిచిన కొత్తలో అది బుద్ధిగా ఆమె వెంటే వచ్చేది. బస్సులో సీటు కోసం దెబ్బలాడేది, ఇంటికెళ్ళి భర్తకి క్లాసు సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. అర్ధసంవత్సరం పరీక్షలు అయ్యేసరికి దానికి మెట్లు దిగే ఓపిక కూడా ఉండేది కాదు. కిటికీ ఊచ మీద వాలిపోయి రాత్రంతా అక్కడే ఉండేది. పొద్దున ఆమె వెళ్ళి ఒకసారి సవరించుకుంటే చల్లగా, బరువుగా వచ్చి లోపల కూర్చునేది.

ఆ బడిలో చాలామందికి అంతే. భాష టీచర్ గొంతు సుద్దడబ్బాలో ముడుచుకుని పడుకునేది. సైన్సు మాస్టారిది స్టాఫ్ రూములో ఫ్యాను రెక్క మీద ఉండేది. పొరపాటున ఎవరైనా స్విచ్చి వేస్తే మర్నాడంతా ఆయన మాట గిర్రున తిరిగేది. ఇళ్ళల్లో వాళ్ళకీ ఇది అలవాటే. లెక్కల టీచర్ భర్త ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. మిషన్ల రొదలో మనుషుల మొహాలు చూసి విషయం కనిపెట్టడం వచ్చు. ఆమె గరిట పట్టుకుని అటూ ఇటూ చూస్తే చాలు, ఉప్పు డబ్బా అందించేవాడు.

ఈ ఏడు మాత్రం ఆమెకి ప్రాణం విసిగిపోయింది. పరీక్ష పేపర్లు ముందేసుకుంటే, తను నోరు నొప్పి పుట్టేలా చెప్పిన లెక్కనే క్లాసు క్లాసంతా కూడబలుక్కున్నట్టు ఒకే రకంగా తప్పు చేసి కూర్చుంది. ఎర్ర పెన్ను పట్టుకుని, ఈ తప్పు వీళ్ళది కాదు నాదే అనుకుంది. అనుకున్నాక ఆ కట్ట మళ్ళీ విప్పబుద్ధి కాలేదు.

టీచర్లంతా డీలా పడ్డారని గమనించి పెద్ద టీచర్ పైఆఫీసు నుంచి ఒకాయనని పిలిపించింది. ఆయన అందరినీ వరసలో నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఒకరి కళ్ళలోకి ఒకరిని చూసుకోమన్నాడు. ఉత్సాహం లోపలి నుంచి రావాలి అని పదే పదే చెప్పాడు. భాష టీచర్ నిలబడే చిన్న కునుకు తీసింది. లెక్కల టీచర్ తన లోపల ఏముందా అని నిజంగానే చూసుకుంది. దిద్దని పేపర్లు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ వారంలోనే ఆమె అక్క భర్త ఫోన్ చేశాడు. ఆయనకి టైల్స్ గోడౌన్ ఉంది. వచ్చే సరుకు, పోయే సరుకు లెక్క చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలన్నాడు. అక్కడ పనంతా అంకెలతోనే, రోజంతా నోరు విప్పక్కర్లేదన్నాడు. ఆ మాట ఆమెకి మంచినీళ్ళు తాగినట్టనిపించింది. ఇంట్లో భర్తకి కాగితం మీద రాసి చూపిస్తే, నీ మొహం ఇలా చూడలేకపోతున్నాను, నీ ఇష్టం అన్నాడు.

నెలాఖరుకి మానేస్తానని వెళ్ళి పెద్ద టీచర్‌కి చెప్పేసింది. పెద్ద టీచర్ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"నేనూ నీ వయసులో రెండుసార్లు మానేశానమ్మా. రెండుసార్లూ మర్నాడు పొద్దున్నే వచ్చి తాళం తీయాల్సింది నేనే. ఎవరికీ తెలీలేదు" అంది. ఆపైన బతిమాలలేదు, కాదనలేదు.

ఆ నెల ఆఖరి వారంలో ఒక పొద్దున లెక్కల టీచర్ క్లాసుకెళ్ళి సవరించుకుంటే ఉత్త గాలే వచ్చింది. ఊచ మీద గొంతు లేదు. బీరువా వెనక చూసింది, గోడకున్న మ్యాపు ఎత్తి చూసింది. పిల్లలూ బల్లల కిందికి దూరి వెతికారు. పెద్ద టీచర్ వచ్చి, ఒకసారి భాష టీచర్‌ది బస్ డిపోలో దొరికిందనీ, కంగారుపడొద్దనీ చెప్పి, లెక్కలు పైకి చదవడానికి ముందు బెంచీ వాళ్ళని పురమాయించి వెళ్ళింది. ఆమె బోర్డు మీద రాస్తూ, పిల్లలు చదువుతూ రోజులు నెట్టుకొచ్చారు. ఎలాగూ పోయేదాన్నే కదా, గోడౌన్‌లో గొంతుతో పనేముంది అనుకుంది. అనుకుంటూనే మధ్యమధ్య కిటికీ వైపు చూసేది.

నెలలో చివరి రోజున బడి వదిలాక వెనక బెంచీ పిల్ల ఒకతి ఆమె దగ్గరికొచ్చి, "టీచర్, మీ గొంతు ఎందుకమ్మ వాళ్ళింట్లో ఉంది. నిన్న మేడ మీద బట్టలు తీస్తుంటే విన్నాను" అంది.

ఎందుకమ్మ అంటే ఆ క్లాసు పిల్లే. ఏది చెప్పినా "ఎందుకు టీచర్" అంటుందని తోటి పిల్లలు పెట్టిన పేరు. మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, చాలా రోజులుగా మంచం మీదే ఉంది. ఆ సంగతి తెలిసినప్పుడు లెక్కల టీచర్ అయ్యో అంది. కాని, ఆ బెంచీ ఖాళీ అయ్యాక పాఠం ఎక్కడా ఆగకుండా సాగిపోతుంటే ప్రాణానికి కాస్త హాయిగానే అనిపించింది. ఇప్పుడా పేరు వినగానే ఆ హాయి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆ ఇల్లు ఒక పాత భవనంలో పై అంతస్తులో ఉంది. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కాళ్ళు పీకాయి. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కుట్టుమిషన్ చప్పుడు, దాని మీంచి ఒక ఆడగొంతు. ఎవరో కులాసా మనిషి మాట్లాడుతోంది అనుకుంది. అది తనదేనని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"సున్నాతో ఎందుకు భాగించకూడదు టీచర్?" అని పిల్ల అడుగుతోంది.

క్లాసులో ఇదే ప్రశ్న వచ్చినప్పుడు, కూడదంటే కూడదంతే, రాసుకో అని కసిరింది తను.

"చూద్దాం పట్టు" అంది గొంతు. "నీ బుట్టలో పన్నెండు గుండీలున్నాయి. పెట్టెకి మూడు చొప్పున వేస్తే ఎన్ని పెట్టెలు నిండుతాయి?"

"నాలుగు."

"ఇప్పుడు పెట్టెకి సున్నా చొప్పున వెయ్యి. బుట్ట ఎప్పటికి ఖాళీ అవుతుంది?"

బుట్టలో గుండీలు గలగలమన్నాయి. "వేస్తూనే ఉండాలి. ఎప్పటికీ అవ్వదు" అంది పిల్ల.

"మరి ఎన్ని పెట్టెలు తెమ్మని చెప్తావు నాకు?"

పిల్ల పకపకా నవ్వింది. గొంతూ నవ్వింది. ఆ నవ్వు తన లోపల ఉండేదని లెక్కల టీచర్ మరిచేపోయింది. గడప దగ్గర గోడకి చేరగిలబడి నిలబడింది.

బట్టలు కుడుతున్న నాయనమ్మ ఆమెని చూసి గబగబా లేచి స్టూలు వేసింది. గొంతు మొదట్లో సాయంత్రాలొచ్చి, కాసేపుండి వెళ్ళిపోయేదనీ, ఈ వారం నుంచి వెళ్ళడం మానేసిందనీ చెప్పింది. "ఆ చలిలో ఊచ మీద పడుకోవడమెందుకని మేమూ పొమ్మనలేదమ్మా. ఏమీ అనుకోకు" అంది.

పిల్ల కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని, గుండీల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఉంది. టీచర్‌ని చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"తీసుకెళ్ళిపోవడానికొచ్చారా?"

ఒక్కసారి సవరించుకుంటే చాలు, వచ్చేస్తుంది. లోపల దగ్గు కూడా కితకితలు పెడుతోంది. ఆమె దాన్ని మింగేసి స్టూలు మీద కూలబడింది. అప్పుడే సంచీలో ఫోన్ మోగింది. బావ.

"ఏమ్మా, రేపట్నుంచి వస్తున్నట్టే కదా? ఇంకొకతను కూడా అడుగుతున్నాడు. నువ్వు ఊ అంటే అతన్ని పంపించేస్తా" అన్నాడాయన.

ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. సవరించుకుని, అలాగే బావా అంటే అయిపోతుంది. ఫోన్ చెవి దగ్గర పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆవల బావ హలో హలో అంటున్నాడు. మంచం మీంచి పిల్ల, ఎవరికీ అడ్డం కాకూడదన్నట్టు మెల్లిగా, "ఇంకోసారి చెప్పరూ" అంది.

"ఇంకోసారేమిటి, నీకు తెలిసేదాకా చెప్తాను. గుండీలన్నీ మళ్ళీ బుట్టలో పొయ్యి" అంది గొంతు.

ఫోన్లో హలోలు ఆగిపోయాయి. బావ కాసేపు వింటూ ఉండిపోయాడు.

"క్లాసులో ఉన్నావా?" అన్నాడు చివరికి. "మానేస్తున్నావంటే నిజమే అనుకున్నానమ్మా. సరేలే, అతన్నే పెట్టుకుంటాను. నువ్వు కానియ్యి." ఫోన్ పెట్టేశాడు.

కావాలంటే వెంటనే మెసేజ్ పెట్టొచ్చు, అది క్లాసు కాదు బావా అని. ఆమె ఫోన్ వంక కాసేపు చూసి, దాన్ని సంచీలో పేపర్ల కట్ట కింద పెట్టేసింది. నడుం నొప్పిగానే ఉంది, కళ్ళు మండుతూనే ఉన్నాయి. ఇంటికెళ్ళాక పేపర్లు దిద్దక తప్పదు. మంచం కిందికి దొర్లిన గుండీ ఒకటి కాలికి తగిలితే వంగి తీసి బుట్టలో వేసింది.

పిల్ల కాస్త జరిగి, బుట్టని ఇద్దరికీ మధ్యగా పెట్టింది. గొంతు మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. టీచర్ స్టూలు దగ్గరికి లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది.