ఆ 'మేము'లో ఎవరెవరు?

"అమ్మాయ్, మనం ఇవాళ కిటికీ తెరలన్నీ ఉతికేద్దాం" అంది అత్తగారు, కుర్చీలోంచి కాలు కింద పెట్టకుండానే.

ఉతికేద్దాం అన్నాక స్టూలెక్కి తెరలు ఊడదీసింది కోడలు, బళ్లో ఇంగ్లీషు చెప్పే టీచరు. నానబెట్టింది టీచరు. రుద్ది, జాడించి, పిండి, మేడ మీదికి బకెట్టు మోసుకెళ్లి ఆరేసిందీ టీచరే. అత్తగారు కూర్చున్నచోటి నుంచే "ఆ మూల మరక పోలేదు చూడు" అని తాను చేయగలిగిన సాయం తాను చేసింది. సాయంత్రం పక్కింటావిడ వస్తే, "పొద్దుట్నుంచీ తెరలే ఉతికాం వదినా, నడుములు పడిపోయాయనుకో" అంది. నడుము ఒకరిది, మూలుగు ఇంకొకరిది.

ఆ ఇంటి వాడుకే అంత. పని పడ్డప్పుడు 'మనం', నిర్ణయం చేసేటప్పుడు 'మేము'. "మనం ఆదివారం పదిమందిని భోజనానికి పిలుస్తున్నాం" అంటే టీచరు కోడి కూయకముందే లేవాలని అర్థం. "ఎండ తగిలే గది అబ్బాయి చదువుకోవడానికి ఉంచేద్దామని మేం అనుకున్నాం" అంటే, టీచరు తన కాగితాలూ కత్తెరా తీసుకుని భోజనాల బల్ల దగ్గరికి మారాలని. అబ్బాయి అంటే పసివాడు కాదు, ఆమె భర్త. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు, కణతల దగ్గర జుట్టు నెరిసిన మనిషి. తల్లికి మాత్రం ఇంకా అబ్బాయే. పద్నాలుగేళ్లుగా ఆ రెండు మాటలూ టీచరు చెవిన పడుతూనే ఉన్నాయి. గోడగడియారం చప్పుడు ఇంట్లోవాళ్లకి వినబడదు చూడండి, అలా వినబడకుండా పోయాయి. వినబడేట్టు చేసింది ఏడో తరగతి పిల్ల.

ఆ పిల్లని క్లాసంతా 'సందేహం' అనే పిలుస్తారు. నోరు విప్పితే ప్రశ్న. ఒకరోజు ఇంగ్లీషు సంభాషణ పీరియడులో లేచి నిలబడి, ఒక్క తప్పు లేకుండా, "టుమారో వీ ఆర్ గోయింగ్ టు ది జూ" అంది. టీచరు "వెరీ గుడ్" అంది. ఆ గుడ్డే కొంప ముంచింది. మర్నాడు పదకొండు మంది పిల్లలు టోపీలు పెట్టుకుని, నీళ్ల సీసాలు మెళ్లో వేసుకుని, రెండేసి టిఫిన్ డబ్బాలతో దిగారు. ఒక తల్లి గేటు దగ్గరే నిలబడి, బస్సు ఎన్నింటికి తిరిగొస్తుందో చెబితే గానీ కదలనంది. బస్సూ లేదు, జూ లేదు. సందేహం మాత్రం అమ్మా నాన్నలతో నిక్షేపంగా జూకి పోయింది. హెడ్‌మాస్టరు టీచరును పిలిచి, "అసలు వీళ్లకి మాట ఇచ్చిందెవరమ్మా?" అని గంట సేపు నిలదీశాడు.

తిరిగొచ్చిన సందేహాన్ని అడిగితే చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది. "నేను 'మేము' అనే అన్నాను టీచర్. వాళ్లకి 'మనం' అని వినబడింది."

టీచరుకి కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వొచ్చింది. నిజమే కదా. మనకు రెండున్నాయి, ఎదుటివాళ్లని కలుపుకుంటే ఒకటి, వదిలేస్తే ఇంకొకటి. ఇంగ్లీషువాడికి రెంటికీ ఒక్క 'వీ'యే. అందులో ఎవరున్నారో అడిగితేగానీ తెలియదు. క్లాసులో నవ్విన మనిషి బస్సెక్కి ఇంటికి వస్తూ నవ్వలేదు. రెండు మాటలున్న భాషలో పుట్టి కూడా తాను ఎన్నడూ అడగలేదని తోచింది. తోచి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ వారమే గిరి ఆట పుట్టింది. నేల మీద సుద్దతో పెద్ద గిరి గీసి ఒక పిల్లని మధ్యలో నిలబెట్టేది. ఆ పిల్ల 'వీ'తో ఒక వాక్యం చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే "యామ్ ఐ ఇన్ ఇట్?" అని అడగాలి. ఉంటే పేరు పెట్టి, చేయి పట్టుకుని గిరిలోకి లాక్కోవాలి. లేకపోతే "నో, యూ ఆర్ నాట్" అని మొహం మీదే చెప్పాలి. నసిగినవాళ్లు ఆట నుంచి అవుట్. అయిదు నిమిషాల్లో నోరు పెగలని పిల్లలు కూడా అరవడం మొదలెట్టేవాళ్లు. పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి, "ఇంగ్లీషు చెబుతున్నారా, కబడ్డీ ఆడిస్తున్నారా?" అని వేళాకోళం చేసి పోయేవాడు.

అది ఒక్కటే కాదు. దండెం ఆట ఉంది. తాడు కట్టి, అట్టముక్కల మీద ఒక్కో మాట రాసి, బట్టల క్లిప్పులతో వరసగా తగిలిస్తే వాక్యం అవుతుంది. 'షీ ఈజ్'లో ఈజ్‌ని ఊడదీసి ముందుకు తగిలిస్తే ప్రశ్న అయిపోతుంది. వీపూ వీపూ ఆనించి కూర్చుని ఫోనులో మాట్లాడుకున్నట్టు బొమ్మ వర్ణించే ఆట ఉంది. నిన్నటి పని, రేపటి పని అని కుర్చీలు మారే ఆట ఉంది. మొత్తం నలభై రెండు. అన్నీ భోజనాల బల్ల మీద పుట్టినవే. కేలెండరు వెనకలూ చెప్పుల డబ్బాల అట్టలూ కత్తిరిస్తుంటే లెక్చరరు గారు కంచం కోసం చోటు చేసుకుంటూ, "ఏమిటోయ్ ఈ చెత్తంతా? నువ్వు చెప్పేది చదువా, బొమ్మలపెళ్లా?" అనేవారు. అత్తగారు, "క్లిప్పులన్నీ బడికి మోసుకుపోతే బట్టలు గాల్లో ఆరేస్తామా?" అనేది. అందుకని ఏ రోజు క్లిప్పులు ఆ రోజే లెక్క చూసి తెచ్చి దండేనికి తగిలించేది.

ఆ చెత్తకు విలువ వచ్చిన రోజు కూడా వచ్చింది. పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సాయన ఒకడు కాలేజీకి వచ్చి, పిల్లల చేత ఇంగ్లీషు ఆడించి నేర్పే పుస్తకం ఉంటే బళ్లన్నీ ఎగబడి కొంటాయన్నాడట. ఆ సాయంత్రం లెక్చరరు గారు బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇదిగో, మనం ఓ పుస్తకం వేద్దాం."

మనం అన్నారు కనుక ఆమె రాసింది. మూడు నెలలు. ప్రతి ఆటకీ ఎంతమంది పిల్లలు, ఎంతసేపు, ఎక్కడ తడబడతారు, తడబడితే ఏమనాలి, అన్నీ బొమ్మలతో సహా. లెక్చరరు గారు ఎండ తగిలే గదిలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని పుస్తకం గురించి ఆలోచించేవారు. అత్తగారు కోడలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "గిన్నెలు చప్పుడు కానీయకమ్మాయ్. అబ్బాయి పుస్తకం రాసుకుంటున్నాడు" అనేది. టీచరు రాస్తున్న కాగితం మీంచి చేయి తీసి, పొయ్యి మీది గిన్నె చప్పుడు కాకుండా దింపి, మళ్లీ రాసుకునేది.

బళ్లో హెడ్‌మాస్టరు చెవిన కూడా పడింది. స్టాఫ్‌రూములో అందరి ఎదటా, ఎంతో ఆప్యాయంగా, "మీవారి పుస్తకం రాగానే మన బడికి తెప్పిస్తానమ్మా. మీరూ కాస్త దాన్ని చూసి పద్ధతి నేర్చుకోవచ్చు" అన్నాడు. లెక్కల మాస్టారు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. టీచరు "అలాగేనండీ" అంది. అనేశాక సందేహం గుర్తొచ్చింది. వచ్చే ఏడు సందేహం ఆ పుస్తకం చేతిలో పట్టుకుని, అట్ట మీది పేరు చదివి, "గిరి ఆట ఈయన కనిపెట్టారా టీచర్?" అని అడుగుతుంది. అడక్క మానదు. దానికేం చెప్పాలి?

శుక్రవారం ప్రూఫులు వచ్చాయి. లెక్చరరు గారు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, "తప్పులు దిద్ది పెట్టు. రేపు పొద్దున్నే ప్రెస్సాయన మనిషి వస్తాడు" అన్నారు. పైన అట్ట నమూనా ఉంది. అట్ట మీద ఒకే పేరు. తిప్పితే ముందుమాట. అది మాత్రం ఆయన సొంతంగా రాశారు. 'ఈ ఆటలను మేము ఎన్నో ఏళ్ల కృషితో రూపొందించాము. మేము వీటిని ఏడవ తరగతి పిల్లలతో ఆడించి చూశాము...'

టీ కప్పు అందిస్తూ అడిగింది. "ఏమండీ, ఈ 'మేము'లో ఎవరెవరు?"

"ఎవరెవరేమిటి?" ఆయన నవ్వారు. "అది రాతలో మర్యాదోయ్. ఒక్కడే అయినా 'మేము' అనాలి. 'నేను, నేను' అంటే డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది."

"అంటే ఒక్కరేనా?"

"అబ్బబ్బ! మన పుస్తకమే కదా, నీదీ నాదీ ఏమిటి?"

అత్తగారు కుర్చీలోంచి అందుకుంది. "పాలల్లో నీళ్లు కలిశాక ఏవి పాలు, ఏవి నీళ్లని వెతుక్కుంటామా అమ్మాయ్?"

వెతుక్కోరు. కానీ వీధిలోకి వెళ్లి అమ్మేవాడు పాలు అనే కేకేస్తాడు, నీళ్లు అని కేకెయ్యడు. ఆ మాట టీచరు పైకి అనలేదు. ఆమెకి కోపం కూడా రాలేదు, వస్తే బాగుండునని మాత్రం అనుకుంది. కప్పులు కడిగి బోర్లించి, బల్ల తుడిచి, ఎర్ర కలం తీసుకుని కూర్చుంది. తప్పులు దిద్దమన్నారు. ఏళ్ల తరబడి నలభై మూడేసి నోటుపుస్తకాలు దిద్దుతున్న చెయ్యి అది, తప్పు కంటబడితే ఆగదు.

లోపలి పేజీలన్నీ అయ్యాక ముందుమాటకి వచ్చింది. మొత్తం తొమ్మిది 'మేము'లున్నాయి. ఒక్కోదాని దగ్గరా ఆగి, ఇది జరిగిందా, ఎవరు చేశారు అని, పిల్లల వాక్యం దిద్దినట్టే చూసింది. ఇంగ్లీషులో అయితే కర్తను మార్చి ఊరుకోవచ్చు. 'మేడ్' అన్నది ఎవరు చేసినా మేడే. తెలుగులో అలా కుదరదు, క్రియ తోక పట్టుకుని చూస్తే చేసినవాళ్లు దొరికిపోతారు. అందుకని తోకలు కూడా దిద్దింది. 'మేము రూపొందించాము' కొట్టేసి 'ఆమె రూపొందించింది' అని రాసింది. 'మేము ఆడించి చూశాము' కొట్టేసి 'ఆమె ఆడించి చూసింది'. అలా ఎనిమిది. తొమ్మిదో దాన్ని మాత్రం ముట్టుకోలేదు. 'ఇందులో లోపాలేవైనా ఉంటే వాటికి మేమే బాధ్యులం.' అది ఆయనకే వదిలేసింది. కింద ఆయన సంతకం కూడా ఎక్కడున్నది అక్కడే ఉంచింది.

పొద్దున్న ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడితే లెక్చరరు గారు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే అడిగారు.

"దిద్దావా?"

"దిద్దాను."

"అన్నీ చూశావా, మళ్లీ మాట రాకూడదు."

"తప్పులన్నీ చూశానండీ" అని కట్ట ఆ మనిషి చేతికిచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోను మోగింది. లెక్చరరు గారిది ఎంగిలి చెయ్యి. ఎడంచేత్తో స్పీకరు నొక్కి కంచం పక్కన పెట్టారు. ప్రెస్సాయన గొంతు బల్ల మీద ఖంగుమంది.

"సార్, ముందుమాట అద్భుతం సార్! కళ్లు చెమర్చాయంటే నమ్మండి. ఎంతమంది మగాళ్లకి వస్తుంది సార్ ఇంత పెద్ద మనసు? కానీ ఒక్కటి మర్చిపోయారు. ఎనిమిది చోట్ల 'ఆమె', 'ఆమె' అన్నారు. పేరెక్కడా లేదు. ఎవరు సార్ ఆమె?"

లెక్చరరు గారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

అత్తగారు కంగారుగా కొడుకు వైపు వంగింది. "ఎవర్రా ఆవిడ? ఎనిమిదిసార్లేమిట్రా?"

"నువ్వుండమ్మా!" ఆయన గొంతు సవరించుకున్నారు. "అది... ప్రూఫులో పొరపాటండీ. మేము అని ఉండాలి."

"పొరపాటా? క్రియల తోకలతో సహా దిద్దారే!" ప్రెస్సాయన క్షణం ఆగాడు. "సరే సార్, అది తర్వాత చూద్దాం. బొమ్మలేసే అతను ఇక్కడే కూర్చున్నాడు. దండెం ఆటలో పిల్లలు తాడుకి ఏ పక్క నిలబడాలి? ముందా, వెనకా?"

లెక్చరరు గారు భార్య వైపు చూశారు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు, చొక్కా గుండీ ఊడినప్పుడు చూసే చూపే. మామూలుగా ఆ చూపుకి ఆమె చెయ్యి తనంతట తానే లేచేది. ఇవాళ అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది.

"ము... ముందేనండీ" అన్నారు ఆయన.

"ముందైతే మాటలు కనబడవు కద సార్?"

లెక్చరరు గారు మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. టీచరు, వేసే బొమ్మ తప్పు పోతుందని, ఆ ఒక్కందుకే నోరు విప్పింది. "వెనక నిలబడాలండీ. వెనకనుంచి ఎడమ కుడి అవుతుంది, మొదటి మాట పిల్లల కుడిచేతి వైపు రావాలి. మొదటి వారం అందరూ తిప్పి తగిలిస్తారు, ఫరవాలేదు. చూసే పిల్లలు నవ్వి వాళ్లే సరిచేస్తారు."

అవతల కలం గీసుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత ప్రెస్సాయన గొంతు తగ్గింది.

"అమ్మా, ఆ 'ఆమె' మీరేనా?"

"నేనేనండీ."

"అట్ట ఇంకా మెషీను ఎక్కలేదమ్మా. పేరు చెప్పండి, రాసుకుంటాను."

టీచరు లేచి చెయ్యి కడుక్కుని, చీర చెంగుకి తుడుచుకుని, కంచం పక్కనుంచి ఫోను తీసుకుంది. స్పీకరు ఆపి చెవికి పెట్టుకుంది. లెక్చరరు గారు ఎంగిలి చేత్తోనే చాచారు. "ఇలా ఇవ్వు. నేను మాట్లాడతాను."

"మీరు తినండి" అంది ఆమె. "నేను మాట్లాడుతున్నాను."