ఒలవాలా, కాల్చాలా

థోవాకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన చేత్తో కలిపిన క్రీము తన తల్లి ముఖాన్ని తినేస్తుందని. పాపకి జ్వరం తగులుతుందనీ, ఫ్యాక్టరీలో మొగుడి పని పోతుందనీ భయాలు లేకపోలేదు గాని, అవన్నీ దీని తర్వాతే. ఇదేమీ ఊరికే పుట్టిన భయం కాదు. అమ్మ బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు దారప్పోగుల్లా తేలడం రెండేళ్ళుగా చూస్తూనే ఉంది. చూసి, పౌడరు ఇంకాస్త అద్దుకోమని చెప్పింది, అంతే.

థోవా ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంటిపట్టున కూర్చుని చేసుకోగల పని ఇంకేముంటుంది? వియత్నాంలోని ఆ కాన్ థో ఊళ్ళో వీధికి ఇద్దరు ముగ్గురు ఇలా ముఖం తెల్లబడే క్రీము కలిపి అమ్మేవాళ్ళున్నారు. థోవా కూడా ప్లాస్టిక్ బేసిన్లో తెల్ల క్రీము, మందుల షాపులో డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబులు, విటమిన్ నూనె వేసి, గుడ్లు గిలక్కొట్టే మిషన్‌తో తిప్పి బంగారు మూతల డబ్బాల్లోకి ఎత్తేది. తర్వాత అమ్మడానికి ఫోన్లో లైవ్ పెట్టి దాని ముందు కూర్చునేది.

"మా అమ్మకి నలభై తొమ్మిదండీ అక్కలూ! నమ్మకపోతే దగ్గరికొచ్చి చూడండి!"

పక్కనే కూర్చున్న తల్లి లుయెన్ నవ్వుతూ బుగ్గ తిప్పి చూపించేది. మొదటి డబ్బా కొన్నదీ ఆమే, ఆరేళ్ళుగా రోజూ రాసుకుంటున్నదీ ఆమే.

లుయెన్ పదకొండేళ్ళుగా పెళ్ళిళ్ళ హాలు గుమ్మం దగ్గర నిలబడుతోంది. ఎర్ర పట్టు అంగీ వేసుకుని, వచ్చినవాళ్ళకి తల వంచి, ఫలానా పెళ్ళి ఫలానా అంతస్తులో అని చెప్పి పంపడమే పని. ఎవరు వియ్యపురాలో, ఎవరు మేనత్తో చూపుతోనే పసిగట్టేది. ఆ ఏడు కొత్త మేనేజరు కుర్రాడు వచ్చాడు. "గుమ్మం దగ్గర వెలుగు తగ్గిందత్తా. టెట్ పండగకి, కొత్త ఏడు వచ్చేలోపు ముఖం సంగతి చూసుకో. లేదంటే వెనకాల గిన్నెలు తోమే దగ్గర చోటుంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఇంటికొచ్చి లుయెన్ అద్దం ముందు చాలాసేపు నిలబడింది. కళ్ళ కింద నల్ల మచ్చలు, పెదవి పక్కన గీతలు. "పదకొండేళ్ళు పెళ్ళివారికి దారి చూపించాను. నన్ను గిన్నెల్లోకి పంపిస్తే ఏ మొహంతో వెళ్తానే?" అంది.

మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. రెండు దారులు చెప్పింది. లేజరు పెడితే పాత చర్మం కాలి కింద నుంచి కొత్తది పుడుతుంది. లోతుగా పనిచేస్తుంది గాని వారం పది రోజులు ముఖం ఎర్రగా ఉబ్బి ఉంటుంది, గదిలోనే ఉండాలి. మన రంగు ఒంటికి ఒక్కోసారి నల్లగా మచ్చ దిగుతుంది కూడా. రెండోది, ఆమ్లం పూసి పై పొర ఒలిచెయ్యడం. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు చేస్తుంది. పొట్టు రాలుతుంది గాని మాస్కు వేసుకుని తిరగొచ్చు.

"ఏదైనా సరే, ముందు ఒక్క మాట చెప్పు పిన్నీ," అంది డాక్టరు. "కలిపిన క్రీములు ఎప్పుడైనా రాశావా? రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంటుంది. అప్పుడు మానేసి ఆర్నెల్లు ఆగాలి. లేజరూ వద్దు, ఇదీ వద్దు."

థోవా పాపని జోకొట్టడం ఆపేసింది.

"కొబ్బరినూనె తప్ప నేనేం రాస్తాను డాక్టరమ్మా!" అంది లుయెన్.

"మరి ఈ ఎర్ర నరాలు?"

"పొయ్యి దగ్గర వేడికి."

డాక్టరు తల్లిని చూసింది, కూతుర్ని చూసింది. థోవా పాప చెవి వెనక లేని మట్టిని తుడిచింది.

ఇంటికొచ్చి చేప తోముతూ లుయెన్ పకపకా నవ్వింది. "ఒకటేమో కాలుస్తుందిట, ఒకటేమో ఒలుస్తుందిట. నా మొహం గురించి అడిగిందా, ఈ చేపనెలా వండాలని అడిగిందా?"

"అమ్మా, ఆవిడకి నిజం చెప్పేద్దాం."

"చెప్పి? ఆర్నెల్లు ఆగమంటుంది. టెట్ ఆగుతుందా నా కోసం? ఆ మేనేజరు ఆగుతాడా?"

"నాకు భయమేస్తోందమ్మా."

"ఇంకా వినవే. ఆ డాక్టరు గది బయట వరండాలో మన వీధివాళ్ళు నలుగురు కూర్చున్నారు. నా కూతురు కలిపిందే రాసుకున్నానని ఆ గదిలో చెబితే సాయంత్రానికి నీ దగ్గర డబ్బా ఎవరు కొంటారు? దీనికి పాలెక్కడివి?" చేప చేత్తోనే పాప ముక్కు గిల్లబోయింది. పాప కిలకిలా నవ్వింది. దాన్ని ఇంట్లో తోమ్ అంటారు, అంటే రొయ్య.

అలా తేలిపోయింది. లేజరైతే వారం ఇంట్లో కూర్చోవాలి, హాల్లో అడుగుతారు. ఒలవడమైతే మాస్కు చాలు, ఈ ఊళ్ళో బండెక్కిన ఆడదానికి కళ్ళు తప్ప ఏం కనబడుతుంది గనక? వాళ్ళు ముఖానికి ఏది మంచిదని చూసుకోలేదు, ఏది దాగుతుందని చూసుకున్నారు.

ఒలిచే రోజు థోవా పాపని చంకనేసుకుని తలుపు దగ్గర నిలబడింది. డాక్టరు కుంచెతో నుదురు మీద, బుగ్గల మీద పూసింది. చురుక్కుమంటుంది, రెండు మూడు నిమిషాలు ఓర్చుకోమంది. నిమిషమైనా కాలేదు. లుయెన్ బుగ్గలు మంచు పట్టినట్టు తెల్లబడిపోయాయి. డాక్టరు గబగబా నీళ్ళతో కడిగేసింది.

"ఇంత తొందరగా ఇలా అవకూడదే! పిన్నీ, నిజంగా ఏమీ రాయలేదా?"

"లేదమ్మా," అంది లుయెన్, పంటి బిగువున.

"నువ్వు చెప్పమ్మా. అమ్మ ఏమైనా వాడుతుందా?"

తోమ్ తల్లి చెవిపోగు పట్టుకుని లాగుతోంది. థోవా ఆ చిన్న వేళ్ళని ఒక్కొక్కటే విడదీస్తూ, "నాకు తెలీదు డాక్టరుగారూ," అంది.

ఇంటికొచ్చేసరికి ముఖం నిప్పుల కుంపటి. డాక్టరు ఇచ్చిన లేపనం పని చెయ్యలేదు. థోవా పాపకి గంజి తినిపించి వచ్చేసరికి లుయెన్ బంగారు మూత తీసి, రెండు వేళ్ళతో తీసుకుని ముఖమంతా పట్టిస్తోంది.

"అమ్మా, వద్దు!"

"ఇదే కదే ఎప్పుడూ చల్లార్చేది."

నిజంగానే చల్లారింది. రెండు రోజులు ముఖం పసిపిల్ల ముఖంలా నున్నగా మెరిసింది. లుయెన్ అద్దం దగ్గరనుంచి కదల్లేదు. "చూశావా, ఎంతైనా నీ చెయ్యే చెయ్యి!" అని మురిసిపోయింది. ఆ రెండు రోజులూ థోవా కూడా నమ్మింది. మూడోనాడు పొద్దున్నే బుగ్గలు పగిలి రసి కారింది. కళ్ళు మూసుకుపోయాయి.

అప్పుడు చెప్పింది థోవా. డబ్బా తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టి, అన్నీ చెప్పింది. డాక్టరు మూత తీసి వాసన చూసి మళ్ళీ మూసేసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది థోవాకి.

"ఇక ఒలిచేదీ లేదు, కాల్చేదీ లేదమ్మా. ఈ మచ్చలు తగ్గడానికి ఏళ్ళు పడుతుంది. పోతాయని మాటివ్వలేను."

టెట్ రాకముందే లుయెన్‌ని గిన్నెల దగ్గరికి పంపారు. ఆమె ఒక్క రోజు వెళ్ళింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మాస్కు తీసి పాపని ఎత్తుకోబోతే, తోమ్ గుక్కపట్టి ఏడ్చి థోవా కాళ్ళ వెనక దాక్కుంది. "రొయ్య నన్ను చూసి దడుచుకుందే," అని నవ్వబోయింది లుయెన్. పెదవి చీలి నెత్తురొచ్చింది.

వారంలోపే సంచీ సర్దుకుని నది అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. పడవల రేవు వెనక అద్దె గదిలో ఉంటూ ఎండుచేపలు అమ్ముకుంటోంది. థోవా మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ లోపల్నుంచి, "వెళ్ళవే, పాపకి ఎండ తగులుతుంది," అన్న మాట వచ్చింది గాని తలుపు తెరుచుకోలేదు.

బేసిన్ని థోవా కడిగి బోర్లించింది. నెల తిరక్కుండానే మళ్ళీ వెల్లకిలా తిప్పింది. కలుపుతూ ఏడుస్తుంది, ఏడుపు తుడుచుకుని ఫోను ముందు కూర్చుంటుంది. ఇప్పుడు చూపించడానికి పక్కన బుగ్గ లేదు.

లుయెన్ రోజూ పొద్దున్నే కూతురికి ఫోన్లో ఒక పువ్వు బొమ్మ పంపేది. మాట ఉండదు, పువ్వు మాత్రం. నాలుగు రోజులుగా అదీ రాలేదు. నిన్న థోవా వెళ్ళి పిలిస్తే, వెళ్ళమన్న మాట కూడా వినబడలేదు. పక్క గదివాళ్ళు మాత్రం నీళ్ళ చప్పుడు విన్నామన్నారు.

మీలో ఎవరైనా ఆ రేవు దాటేవాళ్ళుంటే, మంచుగడ్డల దుకాణం పక్క సందులో మూడో గది, నీలం తలుపు. కూతురు పంపిందని చెప్పకండి. ఎండుచేప కావాలని పిలవండి. తెలియని గొంతుకైతే తలుపు తీస్తుంది. తీస్తే ముఖం వంక చూడకండి, చేతుల వంక చూడండి. తిండి తింటోందా లేదా అని మాత్రం కనుక్కుని, థోవాకి ఒక్క కబురు చెప్పండి.