నెత్తిన మన్ను

గౌసియాబీకి కోపం రాకుండా ఎట్ల ఉంటాదప్పా! పొద్దున లేచి బాయికాడికి పోతే, బాయి ఇవతల, ఆమె చేన్లోనే, తెల్లటి సున్నం గీత ఉండాది. గుట్ట మీద నల్లరాయి తవ్వే బెంగుళూరు కంపెనీకి అది హద్దంట. అంటే బాయి కంపెనీ పక్కకు పోయినట్లే. మొగుడు పోయినాక ఆ నీళ్లతోనే ఆమె వేరుశనగ పండించి పిల్లోళ్లను సాకుతాండేది. బాయి లేకుంటే ఆ చేను బీడు.

గీత గీయించినోడు గంగాధర. హిందూపురం మనిషి. పెనుకొండ బస్టాండు ఎదురుగా మేడ మీద రూము తీసుకుని, భూములకు, ఖనిజాలకు సలహాదారునని బోర్డు పెట్టుకున్నాడు. కంపెనీలకు గుట్టలు వెతికేది, లీజులు తెప్పించేది, ఎదురు మాట్లాడే రైతుల నోళ్లు మూయించేది, అంతా ఆయన పనే. ఎనభై మూడులో మా దిక్కు రాళ్లగుట్టలకు ఎక్కడలేని గిరాకీ.

"ఏమయ్యా, మా ఆయన తవ్విన బాయి మీదెట్ల అయితాది? హద్దు పైన ఆ బండకాడ!" అని ఆ గీతకాడే, ఊరందరి ముందర ఆయన్ను నిలేసింది గౌసియాబీ.

"మా మ్యాపులో ఇట్లే ఉండాదమ్మా. కాదంటావా, తాలూకాఫీసులో అర్జీ పెట్టుకో. సర్వేయరు ఎప్పుడొస్తాడో ఏమో! మిషను మాత్రం సోమవారం దిగుతాది."

ఆమెకు ఒళ్లు భగ్గుమన్నది.

"మ్యాపు నీ జేబులో పెట్టుకో! దమ్ముంటే ఈ మన్ను నెత్తిన పెట్టుకుని నడువు. నువ్వు నడిచిందే హద్దు!"

జనమంతా గీత దగ్గరికి జరిగినారు. హద్దు తగాదా వస్తే మా ఊర్లో అదే ఆఖరి తీర్పు. తగాదా చేన్లోని మన్ను నెత్తిన పెట్టుకుని అబద్ధపు హద్దు తొక్కినోడి వంశం నిలవదని అందరికీ గుండెల్లో భయం. మా ఊరి పెద్దమనిషి హనుమంతరాయుడి నాయన అంతటోడే సగం దూరం నడిచి, ఇంగ అడుగు వెయ్యలేక మన్ను దింపేసినాడు. ఈ ప్యాంటాయన మాత్రం నడుస్తాడా?

గంగాధర అందరి మొహాలూ చూసి నవ్వినాడు. "అంతేనా?" అన్నాడు. వంగి పిడికెడు మన్ను తీసి నెత్తిన వేసుకుని, సిగరెట్టు తాగుతా, సున్నం గీత మీదనే టకటకా నడిచి వచ్చినాడు. కర్చీఫుతో జుట్టు దులుపుకున్నాడు.

"అయిందా?"

గౌసియాబీ హనుమంతరాయుడి దిక్కు తిరిగింది. "రాయుడన్నా! ఆ బాయి తవ్వేటప్పుడు నువ్వు గడ్డపార పట్టలేదా? హద్దు యాడుండాదో నీకు తెల్దా?"

"తెలుసమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండానే. "అయినా మన్ను మోసినాడు. అడిగింది నువ్వే. ఇంగ మాట్లాడకూడదు."

"థూ! మీ నోళ్లు పడిపోను! ఒట్టంటే భయం మీకుండాది, ఆయనకు యాడుండాది? ఇంటికి పోయి తల కడుక్కుంటే ఆయనకు సరిపాయె! తప్పు నాదే. మీ మాదిరే ఆయనా మనిషనుకుంటి."

గంగాధర ఆ తిట్లేవీ పట్టించుకోలేదు. గుట్ట ఆ పక్కకు చెయ్యి చూపించినాడు.

"రాయుడుగారూ, ఆడ బోరింగు ఉన్న చేను మీదే కదా? ఈ పద్ధతి బాగుండాది. ఎట్లాగూ వచ్చినాము, ఆ బోరింగు కూడా మా పక్కకు వచ్చేటట్లు ఇప్పుడే నడిచేస్తా."

వంగి ఇంకో పిడికెడు మన్ను తీసుకున్నాడు. హనుమంతరాయుడు రెండడుగులు ముందుకేసి, ఊరోళ్ల దిక్కు చూసి ఆగిపోయినాడు.

"చెప్పన్నా!" అని అరిచింది గౌసియాబీ. "ఇప్పుడు కూడా మాట్లాడకూడదా?"